సముద్రపు సున్నం పంట కాదు, గని

పాణ్యం: సున్నపురాయి సంగతి ఈ ప్రాంతపు వర్తకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. బేతంచెర్ల బండలు, సిమెంటు ఫ్యాక్టరీల ముడిరాయి ఇక్కడి సరుకులే. అయితే అదే కాల్షియం ఇప్పుడు ‘సముద్రపు నాచు’ పేరుతో మాత్రలుగా, పశువుల దాణాగా, నేలకు వేసే పొడిగా అమ్ముడవుతోంది. పేరు చూసి ధర కట్టేముందు సరుకు ఏమిటో విచారించడం మంచిది.

నాచులన్నీ ఒకటి కావు. తమిళనాడులోని రామనాథపురం తీరాన తెప్పలపై పెంచే కప్పాఫైకస్ ఎర్ర నాచే. అది సుమారు 45 రోజులకు కోతకు వస్తుంది. కాల్షియం సరుకుగా వచ్చే కోరలైన్ నాచు కూడా ఎర్ర జాతిదే కాని, ఒళ్లంతా సున్నం పట్టి గులకరాయిలా గట్టిపడుతుంది. పెరుగుదల ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు, కొన్నిచోట్ల అంతకూ తక్కువ. వెలుతురు అందే లోతులో వేల సంవత్సరాలపాటు మేటలు వేసి, చేప పిల్లలకు, గుల్లలకు ఆశ్రయమవుతుంది. ఒకసారి తవ్విన మేట మన మనుమల కాలానికైనా తిరిగి రాదు. కనుక దీన్ని పంటగా కాక ఖనిజంగా లెక్కించాలి.

ఫ్రాన్సులోని బ్రిటనీ రైతులు తమ పుల్లని నేలలకు దీన్ని శతాబ్దాలుగా వాడారు. ఐరోపా దేశాలు 1992 నాటి ఆవాసాల చట్టంలో ఇందులోని రెండు ముఖ్య జాతులను చేర్చి, వాటి సేకరణపై అదుపు ఉంచాయి. ఇంగ్లండులోని ఫాల్ నదీముఖంలో తవ్వకం 2005 నాటికి ఆగిపోయింది. ఐస్‌లాండ్ పశ్చిమ తీరంలో నేటికీ ఓడలతో తోడుతున్నారు. సరఫరా బిగిసిన సరుకు ధర ఎటు పోతుందో వ్యాపారికి వివరించనక్కరలేదు.

గుణం లేదని కాదు. సూక్ష్మరంధ్రాలున్న ఈ పొడి తేలికగా కరుగుతుంది. కొంత మెగ్నీషియం కూడా ఉంటుంది. పాడిపశువుల కడుపులో పులుపు తగ్గించడానికి పనికివస్తుంది. ఎముక, గుల్ల కలవని కాల్షియం కోరే శాకాహారులకూ ఉపయోగమే. కాని బరువు లెక్కన చూస్తే దీనిలో కాల్షియం 30 శాతం పైచిలుకు మాత్రమే. మేలురకం సున్నపురాయిలో అంతకంటె ఎక్కువే ఉంటుంది. గుడ్లకోడికి రోజుకు సుమారు 4 గ్రాముల కాల్షియం కావాలి. అంత భారీ గిరాకీని సముద్రం నుంచి తెచ్చి తీర్చడం దండుగ.

ఎరువుగా అమ్మడం మరీ అనుచితం. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి నేలల్లో సున్నం సహజంగానే ఉంది. ఆమ్లనేలల మందును ఇక్కడి రైతుకు అంటగడితే పైరుకు ఒరిగేదేమీ లేదు. దుకాణదారు మాట మాత్రం పోతుంది.

కాబట్టి వర్తకులు ఈ సరుకును మందుల వరుసలో చిన్న మోతాదులో ఉంచుకోవచ్చు. దాణా, ఎరువుల వరుసలో నిల్వలు పెంచుకోవడం తగదు. కొనేముందు కాల్షియం శాతం తెలిపే పరీక్షా పత్రం, తవ్విన చోటు, అనుమతి వివరాలు అడగాలి. అవి చూపలేని బస్తాకు నాచు ధర ఇవ్వనక్కరలేదు. రాతిపొడి ధర చాలు.