పోర్ట్ బ్లెయిర్‌కు ఒక్క పూట చాలదు

అండమాన్ చూసొచ్చామని చెప్పేవారిలో చాలామంది నిజానికి చూసింది హావ్‌లాక్‌ బీచ్‌ని. పోర్ట్ బ్లెయిర్ వాళ్లకు విమానం దిగి పడవెక్కే చోటు మాత్రమే. ప్యాకేజీ టూర్లలో ఈ నగరం వాటా తరచూ ఒక్క మధ్యాహ్నం. సెల్యులార్ జైల్లో గంట సేపు తిరిగి, చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో చూస్తే సరి. ఇంగ్లీషువాళ్లు కట్టిన ఓడరేవు పట్నాల్లో చెన్నైకో, కోల్‌కతాకో ఇంత అన్యాయం ఎవరూ చెయ్యరు. తెలుగువాళ్లకైతే ఇక్కడ ఆగడానికి అదనపు కారణాలున్నాయి.

ముందు పేర్ల సంగతి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీవిజయపురంగా మార్చింది. అంతకుముందే, 2018 చివర్లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. టికెట్లు కొనేటప్పుడు పాత, కొత్త పేర్లు రెండూ గుర్తుంచుకోవాలి. ఊళ్లో మాత్రం అబర్డీన్ బజార్, ఫీనిక్స్ బే, హాడో అనే పేర్లు జనం నోళ్లలో ఇంకా ఉన్నాయి. శివారులోని ఆస్టినాబాద్‌ పేరులో ముందు సగం ఇంగ్లీషు, వెనక సగం పారశీకం. సికింద్రాబాద్‌ను నోరారా పలికే మనకు అదేమీ వింత కాదనుకోండి.

ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో చాథమ్ దీవి దగ్గర మొదలుపెట్టిన వలస నిలవలేదు. తర్వాత ఉత్తర అండమాన్‌కు తరలించారు, రోగాల దెబ్బకు 1796లో ఎత్తేశారు. మళ్లీ ఇంగ్లీషువాళ్లకు ఈ రేవు గుర్తొచ్చింది 1857 తిరుగుబాటు తర్వాతే. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో ఓడ వచ్చింది. అడవి కొట్టింది ఖైదీలు, రోడ్లు వేసింది ఖైదీలు. 1896 నుంచి 1906 దాకా సెల్యులార్ జైలు కట్టిందీ వాళ్లే. ఆ అడవి ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. 1859లో గ్రేట్ అండమానీలు విల్లంబులతో అబర్డీన్ మీదికి వచ్చి తుపాకులకు బలయ్యారు. ఆ తెగలో ఇవాళ మిగిలినవాళ్లు కొద్ది పదుల మంది. రాస్ పడవలు బయల్దేరే చోట వాళ్ల స్మారక స్తంభం ఉంది. పడవ అందుకునే తొందరలో దాన్ని దాటిపోవడం తేలిక.

జైలుకు ఉదయమే వెళ్లాలి. ఏడు విభాగాల్లో మిగిలింది మూడే అయినా, పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు కొట్లో కాసేపు ఒంటరిగా నిలబడితే షో అక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించింది అండమాన్‌లోనే. ఆయన 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారినీ ఇక్కడికే పంపారు. గైడ్లు ఎక్కువగా చెప్పేది సావర్కర్ గురించి. మిగతా పేర్ల కోసం గోడల మీది జాబితాలు ఓపిగ్గా చదువుకోవాలి.

రెండో రోజు రాస్‌కు, చాథమ్‌కు. రాస్ 1941 భూకంపం దాకా దొరల రాజధాని. చర్చి, బేకరీ, నాట్యశాల గోడలను ఇప్పుడు మర్రి ఊడలు నమిలేస్తున్నాయి. చాథమ్‌లో 1883 నాటి రంపపు మిల్లు ఉంది. వీటికి వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, ముందే కనుక్కోవాలి.

టూర్లలో అరుదుగా కనిపించే చోటు హంఫ్రీగంజ్. 1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన దృశ్యం అందరికీ తెలుసు. సరిగ్గా నెల తర్వాత, 1944 జనవరి 30న, జపాన్ సైన్యం 44 మంది స్థానికులను గూఢచారులన్న నెపంతో హంఫ్రీగంజ్‌లో కాల్చి చంపింది. ఇంగ్లీషువాళ్ల దౌర్జన్యం గురించి ఇంత బిగ్గరగా చెప్పే నగరం ఈ రెండో కథను ఎందుకో గొంతు తగ్గించి చెబుతుంది. అక్కడి స్మారకానికి ఓ పూట కేటాయించడం న్యాయం.

నగరంలో దారి తప్పినా భయం లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అండమాన్‌లో చుట్టం ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. హోటల్ గది వెతికే ముందు అమ్మమ్మ తరఫువాళ్లను ఓసారి వాకబు చెయ్యడం మేలు.

వెళ్లడమెలా? చెన్నై, కోల్‌కతాల నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. తీరిక ఉంటే విశాఖ నుంచి ఓడ ఎక్కవచ్చు, సముద్రంలో రెండు రోజుల పైమాటే. చెన్నై, కోల్‌కతాలతో పోలిస్తే విశాఖ నుంచి ఓడలు తక్కువ. షెడ్యూలు వచ్చాకే సెలవు పెట్టాలి, రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ఆఫీసులో తిట్లు పడకుండా చూసుకోవాలి. మే నుంచి వానలు, అక్టోబర్, నవంబర్‌లలో తుపాన్ల బెడద. డిసెంబర్ నుంచి మార్చి దాకా వాతావరణం హాయి. గడియారం మనదే అయినా సూర్యుడు తొందరపడతాడు. డిసెంబర్‌లో సాయంత్రం అయిదు దాటగానే పొద్దుగూకుతుంది. చూడాల్సినవన్నీ పెందలాడే లేచి చూసుకోవాలి. తిరుగు టికెట్టు మాత్రం వెళ్లేముందే కొనాలి, సెలవుల రద్దీలో అక్కడ అప్పటికప్పుడు దొరకడం కష్టం.