గాలివాటము చూచి కట్టవలసిన మూట

మా ముత్తంగి కూడలిలో ఘడియసేపు నిలిచినవారికి, బొంబాయి రోడ్డుమీద రేయింబవళ్లు ఎడతెగక సాగు ట్యాంకర్లును, ఔటర్ రింగు రోడ్డు వంతెనయు, పడమటి దిక్కున ఇస్నాపూరు, పాశమైలారముల పొగగొట్టములును ఏకకాలమున గోచరించును. ఇచ్చటి గృహస్థు తన యింటి భద్రతను గూర్చి ఆలోచింపదలచినచో, ఆ యాలోచన ఈ కూడలివద్దనే ఆరంభము కావలెనని నా దృఢవిశ్వాసము. ఏలయన, ఆపద ఏ దిక్కునుండి, ఏ రూపమున వచ్చునో నిర్ణయించుకొనిన పిమ్మటగాని, దానికై ఏ వస్తువును సమకూర్చుకొనవలెనో తెలియదు.

2025 జూన్ 30వ తేదీ ఉదయము పాశమైలారములోని ఒక కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో నలువదిమందికి పైగా అసువులు బాసిరి. ఆ వార్త విని భీతిల్లిన మా వీథివారు కొందరు ‘ఎమర్జెన్సీ కిట్టు’లను తెప్పించుకొనిరి. అందొకదానిని నేను విప్పి చూచితిని: వెండిరేకువలె మెరయు పలుచని దుప్పటి, దిక్సూచి, మడత కత్తి, నిప్పు పుట్టించు కడ్డీ, ఈల. మంచుకొండలలో దారి తప్పినవానికి అవి ప్రాణప్రదములే. కాని తెల్లవారుజామున ఘాటైన వాసన సోకి, పిల్లలు దగ్గుచు మేల్కొనినప్పుడు, ముత్తంగి సంసారికి వానిలో ఒక్క ఈల తప్ప మరేదియు అక్కరకు రాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన దివిసీమవారికి ఆపద యనగా నీరు. తుపాను కబురు వినగానే ఎత్తైన చోటు, అటకమీది అటుకులమూట, తాడు, లాంతరు మొట్టమొదట స్ఫురించుట వారికి సహజము. మనకట్లు కాదు, మన ఆపద గాలి. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్నము చెంత వెంకటాపురములో స్టైరీను ఆవిరి కర్మాగారపు గోడ దాటి నిద్రించుచున్న ఇండ్లమీదికి వచ్చినప్పుడు, ప్రాణభీతితో వీథులలోనికి పరుగెత్తినవారు పరుగెత్తినచోటనే కుప్పగూలిరి. ఆ యావిరి గాలికంటె బరువైనది. నేలబారుగా ప్రాకి పల్లపుచోట్ల నిలుచును. వారికి లోపించినది కాళ్లలో సత్తువ కాదు, ఏ దిక్కునకు పరుగెత్తవలెనో తెలియజేయు ఎరుక.

కావున మన మూటలో ముందుగా చేరవలసినది గాలివాటము చూచు అలవాటు. మిద్దెమీద ఆరవేసిన చీర కొంగు ఏ వైపు ఎగురుచున్నదో, పొగగొట్టపు పొగ ఎటు వంగుచున్నదో పిల్లలకు చూపి చెప్పించుడు. విషవాయువు వచ్చు దిక్కునకు ఎదురేగరాదు. గాలి తోసినవైపే పోరాదు. గాలికి అడ్డముగా, ప్రక్కదిక్కునకు తప్పుకొని పోవలెను. తప్పుకొనుటకు వ్యవధి లేనప్పుడు ఇంటిలోనే ఒక గదిని మూసికొనవలెను. దానికి కావలసిన సామగ్రి స్వల్పము: కిటికీ సందులకు వెడల్పాటి ప్యాకింగు టేపు, తలుపుక్రింద దోపుటకు రెండు తువాలలు, వానిని తడుపుటకు ఒక బిందెడు నీరు. కూలరును, ఎగ్జాస్టు ఫ్యానును తక్షణమే ఆపవలెను. అవి బయటి గాలిని లోనికి ఈడ్చుకొనివచ్చు ద్వారములు.

ఇది వ్రాయుటకు ముందు ఒక రాత్రి దీపములార్పి మా యింట ఈ పనిని చేసి చూచితిని. టేపు చేతనున్నది గాని దాని కొస చీకటిలో గోటికి చిక్కలేదు. వ్రేళ్లతో తడవుకొనుచుండగనే రెండు నిమిషములు గడిచిపోయినవి. టార్చి వెలుగలేదు, ఏడాదిగా అందులోనే మగ్గిన బ్యాటరీలు చెమ్మ కారి, తీగచుట్ట పచ్చగా చిలుమెక్కియుండెను. నాటినుండి మా టేపు కొసను ఒక అగ్గిపుల్లకు మడిచి అంటించి యుంచుచున్నాము. బ్యాటరీలను టార్చిలో గాక దానికే కట్టిన సంచిలో విడిగా దాచుచున్నాము. వస్తువు కొనిన మాత్రమున మనది కాదు. చీకటిలో, కంగారులో, ఇంటిలోని చిన్నవారి చేతికి సైతము లొంగినప్పుడే అది మనదగును.

మాస్కుల విషయమున జనులకు గల భ్రమ ప్రమాదకరమైనది. ఎన్-95 మాస్కు ధూళిని వడగట్టును. వాయువు దానిగుండ నిరాటంకముగా పోవును. తడిగుడ్డ అమ్మోనియా వంటి, నీటిలో కరగు వాయువులను కొంత పీల్చుకొనును, తక్కినవానిని ఆపజాలదు. డబ్బా బిగించిన అసలైన గ్యాసు మాస్కు సైతము ఏ వాయువునకు ఆ డబ్బా తగినదో, దాని గడువెప్పుడో తెలిసినగాని పనికిరాదు. ఆ ధనముతో నాలుగు దినములకు సరిపడు త్రాగునీటి క్యాన్లను, ఓ.ఆర్.ఎస్. పొట్లములను, పుట్నాలు, బెల్లము, అటుకులను, నిత్యము వాడు మందులను కొని ఉంచుకొనుట మేలు.

వంటింటి నిప్పు కర్మాగారపు నిప్పుకంటె దగ్గరిది. సిలిండరు మెడవద్ద లోపలివైపున వ్రాసిన అక్షరమును, అంకెలను చూచి దింపించుకొనుడు: ‘ఎ’ అనగా జనవరి మొదలు మార్చి వరకు, ‘డి’ అనగా సంవత్సరాంతము, ప్రక్కనున్న రెండంకెలు సంవత్సరము. ఆ గడువు దాటిన సిలిండరును త్రిప్పి పంపుడు. వంటగ్యాసు కూడ గాలికంటె బరువైనదే. వాసన వచ్చినప్పుడు స్విచ్చు వేయక, తీయక, రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. అగ్నిమాపకదళపు 101, అంబులెన్సు 108, అన్నిటికిని పనికివచ్చు 112 ఫోనులోనే గాక గోడమీద కూడ వ్రాసియుండవలెను.

ఇంతవరకు చెప్పినది పక్కా ఇండ్లవారి మాట. రేకుల గదులలో నుండువారి మాట వేరు. గోడకును రేకునకును నడుమ పిడికెడు సందు గల గదిని ఏ టేపు మూయగలదు? మా వీథిచివర అట్టి గదులను కిరాయికిచ్చు ఒక పెద్దమ్మ కలదు. పాశమైలారపు దుర్ఘటన గడిచిన కొన్నినాళ్లకు ఆమె నాతో అనిన మాట నన్ను విడువలేదు:

“గా పొద్దు నా కిరాయి పోరగాండ్లు నలుగురు డ్యూటీకి పోయిండ్రు సారూ. ముగ్గురు తిరిగొచ్చిండ్రు. నాలుగోడు రాత్రిదాంక ఫోనెత్తలే. ఆని అమ్మ నంబరు గూడ నా దగ్గర లేకపాయె. ఎవల్నడగాలె?”

ఆ యువకుడు మరునాడు క్షేమముగనే వచ్చెను. కాని ఆ ప్రేలుడులో పలువురి భౌతికకాయములను డి.ఎన్.ఏ. పరీక్షలచేతనే గుర్తింపవలసివచ్చెనని, కొందరి ఆనవాలే దొరకలేదని, ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన బంధువులు దినములకొలది పడిగాపులు కాచిరని మనమెరుగుదుము. కావున వలసకార్మికుని మూటలో అన్నిటికంటె అమూల్యమైనది ప్లాస్టిక్ కవరులోని ఒక కాగితము: ఆధారు నకలు, ఇ.ఎస్.ఐ. నంబరు, పనిచేయు కర్మాగారము పేరు, కాంట్రాక్టరు పేరు, ఇంటివారి ఫోను నంబరు, రక్తపు గ్రూపు. దాని రెండవ ప్రతి గది యజమాని వద్ద నుండవలెను. పది రూపాయలు మించని ఈ వస్తువు ఏ అంగడి కిట్టులోనూ నాకు కనబడలేదు. ఆ గదులవారు ఆపద్వేళ చేరుకొనుటకు పక్కా గది ఒకటి యజమానులు ముందే చూపియుంచుట ధర్మము.

అయితే గృహస్థుడెంత జాగరూకుడైనను, పొరుగున ఏ రసాయనము నిలువయున్నదో తెలియనిచో అతని సన్నాహము గ్రుడ్డిదే. 1984 డిసెంబరు 2-3 నడిరేయి భోపాలు ప్రజలకు తమ్ము చంపుచున్న వాయువు పేరైనను తెలియదు. ఆ దుఃఖము నేర్పిన పాఠముగనే 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు 41-బి సెక్షను చేరినది. ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారము ఆ ప్రమాదములను, రక్షణమార్గములను పరిసర ప్రజలకును తెలుపవలెనని శాసించినది. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నియమములును ఆ బాధ్యతనే విధించినవి. ట్యాంకర్ల వెనుకనైనను 1005 అమ్మోనియాకు, 1017 క్లోరినుకు, 1075 వంటగ్యాసునకు గుర్తుగా అంకె వ్రాయబడియుండును. ఇంటి ప్రక్కన ఏండ్లతరబడి నిలిచియున్న ట్యాంకునకు ఆపాటి పలకయైనను ఊరివారికి కనబడునట్లు లేకుండుట న్యాయమా? ఏ రసాయనము, ఏ సైరనుకు ఏ అర్థము, ఏ దారిని పోవలెను అను మూడు సంగతులను తెలుగున, హిందీలో, ఒడియాలో వ్రాసి ప్రతి కూడలిలో నిలుపవలెనని మనము అడుగవలెను. బోర్డు నిలుచువరకు అడుగుట మానరాదు.

ఆ పెద్దమ్మ ఇప్పుడు తన రేకుల గదుల తలుపుల వెనుక పన్నెండు ప్లాస్టిక్ కవరులను వరుసగా మేకులకు తగిలించినది. మిద్దెమీద ఒక వెదురుగడకు పాత చీరముక్కను కట్టినది. సాయంవేళ డ్యూటీకి బయలుదేరు పిల్లలు తల యెత్తి ఆ గుడ్డ ఎటు ఎగురుచున్నదో చూచి, పిమ్మట రోడ్డెక్కుచున్నారు.

— ముత్తంగి వాసి