గ్యాస్ అయిపోయిందట!

అన్నలూ, తమ్ముళ్లూ, కారు ఏసీ చల్లబడట్లేదని షెడ్డుకు పోతే మొదటి మాట ఏంది? "గ్యాస్ అయిపోయిందన్నా, కొట్టాలె." అయిపోవడానికి అది డీజిలా? ఏసీ గ్యాసు కాలిపోదు, పైపుల్లోనే తిరుగుతుంటది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు పట్టకుండ గ్యాసు కొట్టించుడంటే గండి పూడ్చకుండ చెరువు నింపుడే.

నేనూ మోసపోయిన. పోయినేడు రెండుసార్లు కొట్టిచ్చిన, రెండుసార్లూ నెల తిరగకముందే వేడిగాలి. మూడోసారి ఇంకోతాన నైట్రోజన్ ఎక్కించి సబ్బునురుగు పెడితే పైపు జాయింటుకాడ బుడగలొచ్చినయ్. పాడైంది చిన్న రబ్బరు రింగు!

షెడ్డుకు పోకముందు మీరే చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేస్తే బానెట్ కింద టక్కుమని కంప్రెసర్ క్లచ్ పడాలె. పడలేదా? ఫ్యూజు, రిలే, వైర్లు చూడండి. మన కొట్టాల్లో ఎలుకలకు వైర్లంటే బెల్లమే. గ్యాసు మరీ తగ్గినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను పడనియ్యదు. బండి నడుస్తుంటే చల్లగుండి, ఆగితే వేడొస్తుందా? ముందు ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి. వరికోతలప్పుడు కల్లాల్లో తిరిగిన బండైతే కండెన్సర్ నిండా పొట్టూ దుమ్మే ఉంటది. ఇంజిన్ చల్లారినంక నీళ్లతో మెల్లగ కడగండి, ప్రెషర్ పంపు దగ్గరగ పెడితే రెక్కలు వంగుతయ్. గాలే తక్కువొస్తే క్యాబిన్ ఫిల్టర్ దులపండి.

అప్పటికీ గ్యాసే అన్నరా? లీకు చూపించమనండి. వ్యాక్యూమ్ పెట్టకుండ కొడితే లోపలి గాలి, తేమ పోదు, అట్ల ఒప్పుకోకండి. "అంత టైం లేదన్నా" అంటే తాళంచెవి తీసుకొని బయటికి రండి.