పత్తి తీసేదీ మనమే, నూనె తినేదీ మనమే

జన్యుమార్పిడి పంటల మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తుంది. రైతుకు దిగుబడి, వినియోగదారుకు చవక, ఇద్దరికీ లాభమే కదా అని. ఈ రైతు ఎవరు? ఈ వినియోగదారు ఎవరు? మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం పల్లెల్లో పత్తిచేలో కలుపు తీసేదీ, పత్తి తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. సాయంత్రం ఆ కూలి డబ్బుల్లోంచి పావుకిలో నూనె కొనేదీ వాళ్లే. పాసుపుస్తకం లేదు గనుక ఆమె రైతు కాదు. అడిగేవాళ్లు లేరు గనుక వినియోగదారూ కాదు.

2002 మార్చిలో బి.టి. పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, పత్తి తిండి పంట కాదు కదా అన్నారు. మరి గింజ ఎక్కడికి పోతోంది? నూనె మిల్లుకు. నూనె శుద్ధి అయి వంటింటికి వస్తోంది, చెక్క గేదె తొట్టిలోకి పోతోంది. ఆ నూనె తింటే జబ్బు చేస్తుందని నేననడం లేదు. శుద్ధి చేసిన నూనెలో బి.టి. ప్రొటీను దాదాపు మిగలదు. నా ప్రశ్న ఒక్కటే, మనకు చెప్పారా? జన్యుమార్పిడి ఆహారం ప్యాకెట్టు మీద ఆ సంగతి ముద్రించాలని 2013 జనవరి 1 నుంచి రూలు తెచ్చారు. అలా ముద్రించిన నూనె ప్యాకెట్టు మీలో ఎందరు చూశారు? విడినూనె కొనే మనిషికి అసలు ప్యాకెట్టే లేదు!

ఇక రైతు లాభం. మొదట్లో పచ్చపురుగు మందులు తగ్గిన మాట నిజం. కాని గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకం బి.టి.ని తట్టుకుంటోందని 2010లో మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండు జన్యువుల విత్తనమూ దాన్ని ఆపలేకపోయింది. హైబ్రిడ్ గనుక విత్తనం ఏటా కొనాల్సిందే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్లి పోరాడితేగాని 450 గ్రాముల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగలేదు. వానమీద ఆధారపడ్డ మన మెట్టనేలల్లో ఏ జన్యువూ వాన కురిపించదు. పంట పోతే అప్పు మాత్రం ఇంట్లో మిగిలిన ఆడమనిషి నెత్తినే పడుతుంది.

ఇప్పుడు గడ్డిమందును తట్టుకునే పత్తి, అనుమతి లేకుండానే, దొంగచాటుగా అమ్ముతున్నారు. కలుపు కూలి మిగులుతుందట. మిగిలేది ఎవరికి, పోయేది ఎవరికి? కలుపు తీత నడుము విరిచే పనే, ఆ కష్టం తగ్గాల్సిందే. కాని దాని బదులు వేరే పని చూపకుండా కూలి తీసేస్తే అది విముక్తి కాదు, పస్తు.

సైన్సుకు మనం శత్రువులం కాము. పురుగుమందు తగ్గించే వంకాయ నిజంగా వస్తే తినేవాళ్లకూ మేలే కావచ్చు. 2010లో హైదరాబాదుతో సహా పలుచోట్ల జనం మాట విన్నాకే కేంద్రం బి.టి. వంకాయను ఆపింది. అంటే అడిగితే వినిపిస్తుందన్నమాట. కాబట్టి అడుగుదాం. ప్రతి నూనె డబ్బా మీద నిజం రాయాలి. విత్తనం విఫలమైతే కంపెనీ నష్టపరిహారం కట్టాలి, అందులో కౌలుదారుకూ భాగముండాలి. అనుమతులిచ్చే ముందు కూలీ ఆడవాళ్ల మాట వినాలి. లాభం ఇద్దరిదీ అయితే, నిర్ణయంలోనూ ఇద్దరూ ఉండాలి కదా!