కుటుంబ ఆరోగ్యం: పసిమెదడు కొరకు పదకొండున్నర ఏండ్ల చదువు



సెలవులకు ఇంటికి వచ్చిన మన సంఘపు యువ వైద్యురాలు ఒకరు ఆరాధన ముగిసిన తరువాత మమ్మును కలిసికొన్నారు. ఆమె ఎం.బి.బి.ఎస్., పిల్లల వైద్యములో ఎం.డి. ముగించి, ఇప్పుడు పిల్లల నరాల వైద్యములో డి.ఎం. చేయుచున్నారు. "ఇంకా చదువేనా తల్లీ?" అని సంఘములోని పెద్దమ్మలు అడుగుచుండగా ఆమె నవ్వి ఊరకున్నారు. మేము లెక్క వేసి చూచితిమి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్లు, హౌస్ సర్జన్‌గా ఒక ఏడాది, ఎం.డి. 3 ఏండ్లు, డి.ఎం. మరి 3 ఏండ్లు. మొత్తము పదకొండున్నర ఏండ్లు!

"పెద్దలకు నరాల డాక్టర్లు ఉన్నారు గదా, పిల్లలకు వేరుగా ఎందుకమ్మా?" అని అడిగితిమి.

"అయ్యగారూ, పెద్దవారి మెదడు కట్టి ముగించిన ఇల్లు వంటిది. పసిబిడ్డ మెదడు ఇంకా గోడలు లేచుచున్న ఇల్లు. అందుకే బిడ్డకు మెడ ఎప్పుడు నిలిచింది, బోర్లా ఎప్పుడు పడ్డాడు, అమ్మను చూచి ఎప్పుడు నవ్వాడు అని మేము మొదట తల్లినే అడుగుతాము. టేపుతో తల చుట్టుకొలత కొలుస్తాము. బిడ్డతోపాటు నేల మీద కూర్చుండి ఆట చూస్తాము. ఇ.ఇ.జి., స్కానింగు ఆ తరువాతనే" అని ఆమె చెప్పారు.

ఆమెకు మిక్కిలి ఆసక్తి కలిగిన విషయము ఏడాదిలోపు బిడ్డలకు వచ్చు ఒక విధమైన మూర్ఛ. బిడ్డ సలాము చేసినట్లు తల ముందుకు వంచి, చేతులు విదిలించి, క్షణములో మామూలుగా అగును. వరుసగా అనేకసార్లు, ముఖ్యముగా నిద్ర లేచిన వేళ ఇట్లు జరుగును. కడుపునొప్పి అనుకొని తల్లులు వాము నీళ్లు పట్టుదురు. అయితే నవ్వే బిడ్డ నవ్వు మానివేయును, నేర్చినది మరచిపోవును. ఇంగ్లండులో విలియం వెస్ట్ అను వైద్యుడు 1841లో ఈ జబ్బును గూర్చి లాన్సెట్ పత్రికకు వ్రాసెను. ఆ రోగి మరెవరో కాదు, ఆయన సొంత కుమారుడే. నాలుగవ నెలలో మొదలైన ఆ జబ్బుకు ఎన్ని మందులు వాడినను ఫలితము లేకపోయెను. నేడు మందులున్నవి. అయితే ఎంత త్వరగా మొదలుపెట్టితే అంత మేలు.

ఇచ్చట మేము ఒక మాట ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము ఒక సంఘములో మూర్ఛలు తగ్గిన బిడ్డను తల్లిదండ్రులు వేదిక మీదికి తెచ్చి, మందులు మానివేసితిమని సాక్ష్యమిచ్చిరి. మేమును సంతోషముతో చప్పట్లు కొట్టితిమి. ఆ వారములోనే బిడ్డకు ఆగకుండ మూర్ఛలు వచ్చి ఆసుపత్రి పాలాయెను. దేవుని దయవలన బ్రతికెను. మేము ఈ సంగతి చెప్పగా ఆ వైద్యురాలు మమ్మును నిందించలేదు. "ప్రార్థన మానవద్దు అయ్యగారూ. మందు కూడ మాన్పించవద్దు. మామూలుగా రెండేండ్లయినా మూర్ఛ రాకుండ ఉన్న తరువాతనే, అదికూడ డాక్టరు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తగ్గించాలి. ఒక్కసారి ఆపితే ప్రాణానికే ముప్పు" అని మాత్రము అన్నారు.

తల్లులు ఈ సంగతులు జ్ఞాపకముంచుకొనవలెనని ఆమె కోరిరి. మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక ప్రక్కకు పరుండబెట్టండి. నోటిలో చెంచా గాని, నీళ్లు గాని, వ్రేలు గాని పెట్టవద్దు. చేతిలో తాళము చెవి పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట వలన ప్రయోజనము లేదు. గడియారము చూడండి. 5 నిమిషములు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్లండి. వీలైతే సెల్‌ఫోనులో వీడియో తీయండి, డాక్టరుకు అది ఎంతో సహాయము. 6 నెలల నుండి 5 ఏండ్ల వరకు జ్వరముతో వచ్చు కొద్దిసేపటి ఫిట్సు చాలామంది పిల్లలలో మెదడుకు హాని చేయదు. అయినను మొదటిసారి వచ్చినప్పుడు తప్పక డాక్టరుకు చూపించవలెను.

మార్కు సువార్త 9వ అధ్యాయములో మూర్ఛతో బాధపడు కుమారుని ప్రభువు నొద్దకు తెచ్చిన తండ్రిని చూడుము. ఎంత కాలమునుండి ఇట్లున్నదని ప్రభువు మొదట ఆ తండ్రిని అడిగెను. నేటి వైద్యులును ఆ ప్రశ్నయే అడుగుచున్నారు. ఆ తండ్రి బిడ్డను దాచలేదు, జనసమూహము ఎదుటికే తెచ్చెను. మనలో అనేకులు, మరి ముఖ్యముగా ఆడపిల్లల విషయములో, రేపు సంబంధము రాదేమోనని జబ్బును దాచుచున్నారు. ప్రియ తల్లిదండ్రులారా, దాచవద్దు. దాచిన ప్రతి దినము బిడ్డ మెదడుకు నష్టము కావచ్చును.

పెద్దమ్మలు మరల కనబడినప్పుడు "ఇంకా చదువేనా" అని అడుగుటకు బదులు, ఆ బిడ్డ కొరకు ప్రార్థించుమని మనవి చేయుదము. ఇట్టి సేవకు మన యౌవనస్థులను ఇంకను అనేకులను ప్రభువు పిలుచును గాక. ఆమేన్.