రిమోట్ కారు రిపేరు: విరిగిన ముక్క మారిస్తే సరిపోతుందా?

సాయంత్రమైతే చాలు, పట్టణాల వీధుల్లో పిల్లల చేతుల్లో రిమోట్ కార్లు కనిపించడం పరిపాటి అయింది. ఒకప్పటి బొమ్మకారు గడప దాటేది కాదు. ఇప్పుడు వస్తున్న పెద్దరకం కార్లలో కొన్ని గంటకు 50 కిలోమీటర్ల వేగం సునాయాసంగా అందుకుంటున్నాయి. అవి పరుగెత్తేది మాత్రం అదే ఇరుకు సందులో. గోడకో, ఆగి ఉన్న స్కూటరుకో తగిలి ముందు చక్రం ఊడిన కారును మరునాడు సెల్‌ఫోన్లు, టి.వి.లు బాగుచేసే దుకాణానికి పట్టుకువస్తారు. విరిగిన ప్లాస్టిక్ ముక్క మారుతుంది, నాలుగు స్క్రూలు బిగుస్తాయి, డబ్బు చేతులు మారుతుంది. వారం తిరక్కుండానే కారు మళ్ళీ అదుపు తప్పుతుంది.

ముక్క విరిగింది గుద్దుకున్నందువల్ల. గుద్దుకున్నది ఎందువల్ల? ఈ రెండో ప్రశ్న అడగకుండా చేసే రిపేరు సగం రిపేరే. దీనికి మెకానిక్‌ను ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. చాలామంది కారును మాత్రమే సంచిలో వేసుకు వస్తారు, రిమోట్ ఇంట్లో వదిలేస్తారు! రిమోట్ లేకుండా ఏ మెకానిక్ మాత్రం ఏం పరీక్ష చేయగలడు?

"పిల్లలాడుకునే బొమ్మకు ఇంత హడావుడి ఎందుకు?" అనేవారున్నారు. రెండు కిలోల బరువున్న కారు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే ఆ దెబ్బలో ఉండే శక్తి, అదే బరువు దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడమీద నుంచి జారిపడినప్పటి శక్తికి సమానం. అది వాకిట్లో పాకే పసివాడికి తగిలినా, సైకిలు చక్రం కింద దూరినా ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కారు ఎలా అదుపు తప్పిందో నడిపిన కుర్రవాడిని అడిగితే సగం రోగం బయటపడుతుంది. వేగం చెప్పినట్టు విని, చక్రాలు మాత్రం తిరగకపోతే లోపం స్టీరింగులో ఉన్నట్టు. సర్వో మోటారు లోపలి పళ్ళు అరిగి ఉంటాయి, లేదా దాని కొమ్మును పట్టే చిన్న స్క్రూ వదులై ఉంటుంది. హఠాత్తుగా ప్రాణం పోయినట్టై దొర్లుకుంటూ పోతే బ్యాటరీ తీగల దగ్గర, టంకం దగ్గర చూడాలి. అతుకు వదులుగా ఉంటే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోయి రిసీవర్ ఒక క్షణం ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణంలో కారు పన్నెండు, పదమూడు మీటర్లు పోతుంది. ఇక ఏ మీట నొక్కినా వినకుండా పూర్తి వేగంతో దూసుకుపోతే తప్పు రేడియోదే కావచ్చు.

పాత 27 మెగాహెర్ట్జ్ కార్లలో పక్కవాడి రిమోట్ సంకేతమే మన కారును తిప్పేసేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలలో కారుకూ రిమోట్‌కూ విడిగా జత కుదురుతుంది కనుక ఆ బెడద దాదాపు లేదు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు. ఈ రిసీవర్ల యాంటెన్నా తీగలో అసలు పనిచేసేది చివర మూడు సెంటీమీటర్లు మాత్రమే. గుద్దుకున్నప్పుడు అది తెగినా, రిపేరులో దానిని మడిచి బ్యాటరీ కింద తోసేసినా కొద్ది దూరానికే సంకేతం అందదు.

సంకేతం తెగినప్పుడు కారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటును ఫెయిల్‌సేఫ్ అంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ మరిచేదీ ఇదే. కొన్ని రిసీవర్లలో దీనిని మనమే అమర్చాలి, లేకపోతే చివరిసారి అందిన ఆజ్ఞనే పట్టుకు కూర్చుంటాయి. ఆ ఆజ్ఞ పూర్తి వేగమైతే కారు గోడ తగిలేదాకా ఆగదు. రిసీవర్ మార్చి కొత్తగా జత కుదిర్చినప్పుడు ఈ అమరిక మళ్ళీ చేయవలసి ఉంటుంది. పరీక్షకు పైసా ఖర్చు లేదు. కారును ఇటుక మీద పెట్టి చక్రాలు గాలిలో ఉండేటట్టు చూసి, మెల్లగా తిప్పుతూ రిమోట్ కట్టేయాలి. చక్రాలు వెంటనే ఆగితే సరి. ఆగకపోతే ఆ కారును వీధిలోకి వదలకూడదు. ఈ పరీక్ష కళ్ళ ఎదుట చేసి చూపనిదే రిపేరు డబ్బు ఇవ్వనక్కరలేదు. మామూలుగా ఆడేటప్పుడు మాత్రం ముందు రిమోట్ వేసి తరువాత కారు, ఆపేటప్పుడు ముందు కారు తరువాత రిమోట్.

గుద్దుకున్న కారులోని లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బినా, సొట్టపడినా మళ్ళీ చార్జింగు పెట్టడం ప్రమాదం. అది నిప్పు అంటుకోవచ్చు. దాన్ని ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా ఉంచాలి. చెత్తబుట్టలో పడేయరాదు.

బొమ్మల నాణ్యతపై కేంద్రం 2020లో ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. మంచిదే. కాని వేగంగా పోయే కార్ల పెట్టెల మీద చాలావాటికి 14 ఏళ్ళు దాటినవారికే అని రాసి ఉంటుంది. కొనేవారు ఆ ముక్క చదవరు, అమ్మేవారు చదివి చెప్పరు. ఎనిమిదేళ్ళవాడి పుట్టినరోజుకు కానుకగా వెళ్ళిపోతుంది.

పిల్లలను వీధిలో ఆడవద్దంటే సరిపోదు. ఎక్కడ ఆడాలో కూడా చెప్పాలి కదా! సెలవురోజున బడి మైదానాలు తాళాలతోనే ఉంటున్నాయి. ఆదివారం ఉదయం రెండు గంటలపాటు ఒక మూల తెరిచి, పెద్దవారొకరు దగ్గరుండేలా చూస్తే పురపాలక సంఘానికి గాని, పాఠశాలలకు గాని పెద్ద ఖర్చు కాదు. గేటు దగ్గర ఒక ఇటుక పెట్టి, ఆ పరీక్ష నెగ్గిన కార్లనే లోపలికి పంపవచ్చు.