బయోడేటాలో మన పని పేరు

మొన్న ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. ఇంటర్ దాకా చదివి ఆగిపోయినవాడు. ఆరేళ్లుగా ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టరు కింద చెత్త బండి నడుపుతున్నాడు. ఎక్కడో డ్రైవరు ఉద్యోగం పడిందట, బయోడేటా రాసిపెట్టమన్నాడు. పేరు రాశాం, చదువు రాశాం. ‘ప్రస్తుత ఉద్యోగం’ అన్నచోట కలం ఆగింది.

‘ఏం రాద్దం సారూ?’ అన్నాడు.

కాంట్రాక్టరు రిజిస్టరులో అతను ‘లేబరు’. సూపర్‌వైజరుకు ‘అరేయ్’. వీధిలో వాళ్లకు ‘చెత్తోడు’. పట్నంలో ఉన్న బామ్మర్ది ఏమో ‘శానిటేషన్ ఎగ్జిక్యూటివ్ అని రాయి బావా, ఎవడు చూస్తడు’ అన్నాడట. చేసే పని మాత్రం బండి నడపడం. లైసెన్సు జేబులోనే ఉంది.

మన పనికి పేర్లు మార్చడం ఈనాటిది కాదు. మార్చింది మనమూ కాదు. మస్కూరి అన్నారు, నీరటి అన్నారు, వెట్టివాడన్నారు. తర్వాత గ్రామ సేవకుడన్నారు, ఆ తర్వాత వీఆర్‌ఏ అన్నారు. పేరు మారిన రోజు పని మారిందా? అదే ఆఫీసు, అదే చాయ్ తేవడం. 2023లో తెలంగాణలో వీఆర్‌ఏ పద్ధతిని రద్దు చేసి, చదువును బట్టి జూనియర్ అసిస్టెంటు, రికార్డు అసిస్టెంటు పోస్టుల్లోకి తీసుకుంటామని ఉత్తర్వులిచ్చారు. ఆ పేర్ల వెంట జీతం స్కేలు ఉంది. స్కేలు లేని కొత్త పేరు ఇవ్వడానికి సర్కారుకు పైసా ఖర్చు కాదు. ‘హరిజన’ అన్నప్పుడు మనకు గుంట భూమి పెరిగిందా?

ఇంకో మోసం ఉంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో మరొకటి వచ్చింది. చట్టం రాగానే ఆ పని చేసేవాళ్లు కాగితాల్లో మాయమయ్యారు. అదే మనిషి, అదే పని, రాసింది మాత్రం ‘శానిటరీ వర్కర్’ అని. 2013 చట్టం ప్రకారం సర్వేలో పేరు ఎక్కినవాళ్లకే నగదు సాయం, పిల్లలకు స్కాలర్‌షిప్పు, ఇంటి స్థలం. మంచి మాట రాసి మన హక్కును మింగారు. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అడగబోతే ‘మేం దించలేదు, రోజు కూలి, తనే దిగాడు’ అంటారు. అందుకే సర్వే వాళ్లు వచ్చినప్పుడు సిగ్గుపడి పని పేరు మార్చి చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు రాయించండి.

బయోడేటా సంగతి వేరు. ‘ఎగ్జిక్యూటివ్’ వద్దన్నాం. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది. ‘డ్రైవరు, మున్సిపల్ చెత్త సేకరణ వాహనం’ అని రాశాం. తమ్ముడు ‘చెత్త’ దగ్గర వేలు పెట్టి ‘ఇది తీసేద్దం సారూ’ అన్నాడు. ఆ మాట చూస్తే కులం తెలుస్తుందని అతని భయం. ఉత్త భయం కాదది. ఊరు చూసి, తండ్రి పని చూసి కాగితం పక్కన పెట్టేవాళ్లను మేమూ చూశాం.

అయినా నీతులు చెప్పే అర్హత మాకెక్కడిది? మా నాయన చెప్పులు కుట్టాడు. పదో తరగతి ఫారంలో తండ్రి వృత్తి ‘వ్యవసాయం’ అని రాసుకున్నాం. మాకు గుంట భూమి లేదు. ఆ కాగితం ఇప్పటికీ ఇంట్లో ఉంది.

చివరికి ‘డ్రైవరు, మున్సిపల్ వాహనం, ఆరేళ్లు’ అని రాశాం. అందులో అబద్ధం లేదు. కానీ అనుభవ పత్రం ఇవ్వాల్సింది కాంట్రాక్టరు. అతని పుస్తకంలో ‘లేబరు’ అని ఉంటే మనం ఏం రాసినా చెల్లదు. అసలు తగవు అక్కడుంది. నైపుణ్యాన్ని బట్టి కూలి కట్టడం 1948 నాటి కనీస వేతనాల చట్టం నుంచీ ఉన్నదే. చేయించుకునేది డ్రైవరు పని, ఇచ్చేది లేబరు కూలి. ఆరేళ్లలో ఈ తమ్ముడి చేతికి రావాల్సింది ఎంత పోయిందో లెక్క కడుతున్నాం.

అతనితో పాటు అదే కాంట్రాక్టరు దగ్గర బండి నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. అందరి పేర్లతో కార్మిక శాఖకు ఒకే అర్జీ పెడుతున్నాం. మీ ఊళ్లోనూ ఇట్లాంటి వాళ్లుంటే లైసెన్సు నకలు, ట్రిప్పు షీట్ల ఫోటోలు, జీతం పడిన బ్యాంకు పుస్తకం పేజీలు ఇప్పుడే తీసిపెట్టుకోమనండి. అర్జీ వెళ్లిందని తెలిస్తే ముందు మాయమయ్యేవి ట్రిప్పు షీట్లే.